ఏ కష్టం ముందు తీర్చాలి?

ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద సమస్య ఏది? జుమా నమాజు ముగిశాక మసీదు మెట్ల మీద నిలబడి పదిమందిని అడిగి చూడండి. ఒకరు గాజా అంటారు. ఒకరు నిరుద్యోగం అంటారు. పిల్లల చేతుల్లోని సెల్‌ఫోన్ అని ఒక తల్లి అంటుంది. యువకులు నమాజు వదిలేశారు, అసలు సమస్య అదేనని ఒక వృద్ధుడు అంటాడు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి మాత్రం ఆలోచించకుండానే జోడే కీ రఖం అంటాడు. ఎవరి జవాబూ అబద్ధం కాదు. నొప్పి ఎక్కడుంటే చెయ్యి అక్కడికే వెళుతుంది కదా!

ఆ పదిమందినే మరో ప్రశ్న అడగండి. “సరే, ఆ సమస్య తీరడానికి మీరేం చేయగలరు?” ఈసారి చాలామంది మౌనం వహిస్తారు. సమస్య పేరు చెప్పడం మనకు బాగా తెలుసు. దాని బరువెంతో, అది తీరేదో కాదో, మన చెయ్యి దాని దాకా చేరుతుందో లేదో చూసే అలవాటు తక్కువ. అందుకే రమజాన్ వచ్చేసరికి జకాత్ సొమ్ము చేతపట్టుకుని, గుమ్మం ముందు నిలబడినవారికి వందో రెండు వందలో పంచి, ఫర్జ్ తీరిందని ఊపిరి పీల్చుకుంటున్నాం. మరుసటి ఏడాది అదే మనిషి అదే గుమ్మం ముందు నిలబడుతున్నాడు.

కష్టాలను ఒకదానితో ఒకటి పోల్చి చూడటమేమిటి, ఎవరి కష్టం వారికి పెద్దది కాదా అని కొందరికి అనిపించవచ్చు. కాని మంచిపనుల్లో హెచ్చుతగ్గులు చూడటం మన ధర్మానికి కొత్త విషయం కాదు. తౌబా సూరా 19వ ఆయత్ తెరిచి చూడండి. హాజీలకు నీళ్ళు అందించడం, మస్జిదె హరామ్ బాగోగులు చూడటం అనే పనులు అల్లాహ్‌నూ అంతిమదినాన్నీ విశ్వసించి దైవమార్గంలో పాటుపడటంతో సమానమవుతాయా అని అల్లాహ్ ప్రశ్నించాడు. అవి సమానం కావని కూడా ఆయనే తేల్చాడు. హాజీలకు నీళ్ళు అందించడం చిన్న పనా? ఎంతమాత్రం కాదు. అయినా దానికి పైన మరో మెట్టు ఉన్నదని మనకు తెలియజేశాడు. విశ్వాసానికి డెబ్భైకి పైగా శాఖలు ఉన్నాయని, వాటిలో అత్యున్నతమైనది లా ఇలాహ ఇల్లల్లాహ్ అని పలకడమైతే, అన్నిటికన్నా కిందిది దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడమని దైవప్రవక్త (స) బోధించారు (ముస్లిం). హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి)ని యమన్‌కు పంపేటప్పుడు కూడా ఆయన (స) అన్నీ ఒకేసారి చెప్పమనలేదు. ముందు దైవ ఏకత్వం, వారు దాన్ని అంగీకరిస్తే ఐదు పూటల నమాజు, దాన్ని కూడా అంగీకరిస్తే ధనికుల నుంచి తీసుకుని పేదలకు ఇచ్చే జకాత్ గురించి తెలపమని వరుస చూపించారు (బుఖారీ, ముస్లిం).

విశ్వాసి దృష్టిలో అన్నిటికన్నా పెద్ద సమస్య మానవుడు తన సృష్టికర్తను మరచిపోవడమే. ఇందులో బేరం లేదు. షిర్క్‌ను మించిన అన్యాయం లేదని హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన హితబోధను దివ్య ఖుర్‌ఆన్ మనకు వినిపించింది. అయితే ఈ మాటను అడ్డం పెట్టుకుని, “ముందు ఈమాన్ సరిచేద్దాం, ఆకలి సంగతి తర్వాత చూద్దాం” అనేవారు కొందరున్నారు. అలాంటివారు మాఊన్ సూరాను ఒక్కసారి నిదానంగా చదవాలి. ఏడే ఏడు చిన్న ఆయతులు. అందులో ప్రతిఫల దినాన్ని నిరాకరించేవాడి ఆనవాలుగా అల్లాహ్ చూపినది దేన్ని? అనాథను గెంటివేయడం, పేదవానికి అన్నం పెట్టమని ప్రోత్సహించకపోవడం! అదే సూరాలో అశ్రద్ధతో చేసే నమాజు ప్రస్తావన కూడా ఉంది. ఈమాన్‌నూ అన్నాన్నీ అల్లాహ్ ఒకేచోట పెట్టాడు. వాటిని విడదీయడానికి మనమెవరం?

ఇమాం గజాలీ (రహ్మ) హిజ్రీ 505లో, అంటే క్రీ.శ. 1111లో పరమపదించారు. షరీఅత్ ఆదేశాలన్నీ ఐదింటిని కాపాడటానికే వచ్చాయని ఆయన వివరించారు. ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, సంపద. వీటిలో ఏది లేకపోతే బ్రతుకే సాగదో అది అత్యవసరం. ఏది లేకపోతే బ్రతుకు ఇరుకవుతుందో అది అవసరం. ఏది ఉంటే బ్రతుకు అందంగా ఉంటుందో అది అలంకారం. ఈ మెట్లు గుర్తుంటే చాలా తగవులు వాటంతటవే తేలిపోతాయి. మసీదు గోడలకు పాలరాయి అతికించడం మూడో మెట్టు. మసీదు వెనక వీధిలో క్షయతో దగ్గుతున్న రిక్షా కార్మికుడు మొదటి మెట్టు. రెండూ మంచి పనులే కాని రెండూ ఒకే మెట్టు మీద లేవు.

గజాలీ (రహ్మ) మరో మాట కూడా అన్నారు. నా దృష్టిలో అది ఇంకా పదునైనది. ఇహ్యా ఉలూముద్దీన్ గ్రంథంలో విద్యను గురించి రాస్తూ ఆయన తన కాలపు పండితులను నిలదీశారు. ఎన్నో పట్టణాలలో ముస్లిం వైద్యుడన్నవాడే లేడు, వైద్యం ఫర్జె కిఫాయా అని తెలిసి కూడా దాన్ని నేర్చుకునేవాడు కనిపించడు, ఫత్వాలిచ్చేవారితో నిండిపోయిన పట్టణంలోనే అందరూ మళ్ళీ ఫిఖహ్ వాదవివాదాలకు ఎగబడుతున్నారు అని బాధపడ్డారు. ఇది 900 ఏళ్ళ నాటి మాట! పని ఎంత గొప్పదో చూస్తే చాలదు, ఆ పని చేసేవారు ఇప్పటికే ఎంతమంది ఉన్నారో కూడా చూడాలన్నది ఆయన బాధలోని అంతరార్థం. పదిమంది మోస్తున్న బరువుకు పదకొండో చెయ్యి వేయడం కన్నా ఎవరూ ముట్టని బరువుకు మొదటి చెయ్యి వేయడం మేలు కాదా? అదే గ్రంథంలో ఆయన, పొరుగువారు ఆకలితో ఉంటే పట్టించుకోకుండా మళ్ళీ మళ్ళీ హజ్‌కు వెళ్ళే ధనికులను ఆత్మవంచనకు లోనైనవారిలో లెక్కగట్టారు. ఏటేటా నఫిల్ ఉమ్రాలకు వెళ్ళే సోదరులు ఈ మాటకు నొచ్చుకోవద్దు. చెప్పింది గజాలీ.

ఇక మన కాలానికి వద్దాం. 2004లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో 8 మంది ఆర్థికవేత్తలు సమావేశమయ్యారు. వారిలో నోబెల్ బహుమతి పొందినవారు కూడా ఉన్నారు. వారి ముందుంచిన ప్రశ్న సూటిగా ఉంది. మీ చేతికి 5 వేల కోట్ల డాలర్లు అదనంగా వస్తే ప్రపంచంలోని ఏ సమస్య మీద ముందు ఖర్చు పెడతారు? వారు సమస్యలను కాదు, పరిష్కారాలను వరుసలో నిలబెట్టారు. మొదట ఎయిడ్స్ నివారణ, తర్వాత పిల్లలకు సూక్ష్మపోషకాలు, ఆ తర్వాత వాణిజ్య అడ్డంకుల తొలగింపు, మలేరియా నివారణ వచ్చాయి. 2008లో మళ్ళీ కూర్చున్నప్పుడు పిల్లలకు విటమిన్-ఎ, జింక్ ఇవ్వడం మొదటి స్థానానికి వచ్చింది. పెద్ద పెద్ద మేధావులు కూర్చుని, చివరికి చంటిపిల్లవాడి నోట్లో వేసే చుక్కల మందును, చిన్న బిళ్ళను పైన పెట్టారు. ఇది మనం గమనించవలసిన విషయం. సమస్య ఎంత పెద్దదన్న దాంతోపాటు, పెట్టిన ప్రతి రూపాయికి ఎన్ని ప్రాణాలు నిలుస్తాయన్నది కూడా వారు చూశారు.

ఆ జాబితాను యథాతథంగా తలకెత్తుకోవలసిన పని లేదు. 2004లో వారు వాతావరణ మార్పును అరికట్టే ప్రతిపాదనలను అట్టడుగుకు నెట్టారు. దాని మీద అప్పుడే తీవ్రమైన విమర్శలు వచ్చాయి. రాబోయే తరాల నష్టాన్ని నేటి లెక్కలో తగ్గించి చూశారన్నది వాటిలో ముఖ్యమైనది. ఈ విషయంలో మనకు హజ్రత్ ఉమర్ (రజి) మార్గం ఉంది. ఇరాఖ్‌లోని సవాద్ సారవంతమైన భూములు ముస్లింల ఆధీనంలోకి వచ్చినప్పుడు, వాటిని యుద్ధంలో పాల్గొన్నవారికి పంచాలని కొందరు సహాబీలు పట్టుబట్టారు. ఇప్పుడే పంచేస్తే తర్వాత వచ్చేవారికి ఏం మిగులుతుందని ఉమర్ (రజి) వాదించారు. హష్ర్ సూరాలో తర్వాత వచ్చేవారి ప్రస్తావన ఉన్న ఆయత్‌ను ఆధారంగా చూపారు. భూమి సాగుదారుల చేతిలోనే ఉండి, దాని పన్ను తరతరాలకూ అందేలా నిర్ణయించారు. ఇంకా పుట్టనివారికి కూడా మన లెక్కలో వాటా ఉందని ఆ ఖలీఫా మనకు నేర్పారు. ఎండిపోతున్న చెరువు గురించి, బోరు మీద బోరు వేసి తోడేస్తున్న భూగర్భ జలం గురించి ఆలోచించేటప్పుడు ఈ సంఘటన గుర్తుంచుకోవాలి.

“అంతా విధి రాత. మనం చేసేదేముంది?” అనే మాట మన ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. షామ్ దేశానికి బయలుదేరిన ఉమర్ (రజి)కి సర్గ్ అనే చోట, అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ఆయన ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ రాసిన విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అవును, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఒంటెల కాపరి ముందు ఒక పచ్చని లోయ, ఒక ఎండిన లోయ ఉంటే ఎక్కడ మేపినా అది అల్లాహ్ విధేనని, అయినా తెలివైనవాడు పచ్చని లోయనే ఎంచుకుంటాడని ఆయన ఉపమానం (బుఖారీ). అల్లాహ్ ఏ వ్యాధినీ దానికి నివారణ లేకుండా దించలేదని దైవప్రవక్త (స) చెప్పి ఉన్నారు. అంటే నివారణను వెతకడం మన బాధ్యత అన్నమాట.

నివారణ వెతికితే ఏమవుతుందో మశూచి కథ చెబుతుంది. మన తాతల కాలంలో ఆ పేరు వింటేనే ఊళ్ళు వణికేవి. ఒక్క 20వ శతాబ్దంలోనే అది సుమారు 30 కోట్ల మందిని బలిగొన్నదని అంచనా. 1967లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పూర్తిగా నిర్మూలించాలని పూనుకుంది. మశూచి అంత భయంకరమైనదైనా, దాన్ని లొంగదీసుకోవడానికి కొన్ని సదుపాయాలు ఉన్నాయి. అది మనిషికి తప్ప జంతువులకు సోకదు, కాబట్టి అడవుల్లో దాక్కోలేదు. సోకితే ఒంటి మీద పొక్కులు కనబడతాయి, కాబట్టి ఎవరికి వచ్చిందో దాచలేరు. టీకా ఒక్కసారి వేస్తే చాలు, ఎండకు త్వరగా పాడవదు. మలేరియాకు ఈ సదుపాయాలు లేవు, క్షయకూ లేవు. భారతదేశంలో 1975లో మశూచి ఆఖరిసారి కనిపించింది. 1980 మే నెలలో అది లోకం నుంచే తొలగిపోయిందని ప్రకటించారు. ఈ 13 ఏళ్ళ కృషికి అయిన ఖర్చు సుమారు 30 కోట్ల డాలర్లు. ఒక్కో ప్రాణానికి ఎంత పడిందో మీరే లెక్కవేసుకోండి!

ప్రపంచంలో సహజంగా మశూచి సోకిన ఆఖరి మనిషి మన సోదరుడే. సోమాలియాలోని మెర్కా పట్టణంలో ఆసుపత్రి వంటవాడు అలీ మావ్ మాలిన్. ఆసుపత్రిలో పనిచేస్తూ కూడా నొప్పికి భయపడి టీకా తప్పించుకున్నాడు. 1977లో ఇద్దరు రోగులను తీసుకెళ్తున్న వాహనంలో దారి చూపడానికి ఎక్కాడు. ఆ కాసేపటి ప్రయాణంలోనే వ్యాధి అంటుకుంది. అల్లాహ్ దయతో బ్రతికాడు. తర్వాత ఆయన పోలియో చుక్కల కార్యకర్తగా మారి, టీకాకు భయపడే తల్లిదండ్రులకు తన కథే చెప్పి నచ్చజెప్పేవాడు. 2013లో పోలియో పనిలో ఉండగానే మలేరియా సోకి మరణించాడు.

పోలియో గురించి ఒక చేదు నిజం చెప్పక తప్పదు. భారతదేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చిలో మన దేశానికి పోలియో రహిత ధ్రువీకరణ లభించింది. దానికి ముందు పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ వంటి ప్రాంతాలలో, ఈ చుక్కలు ముస్లింల సంతానాన్ని తగ్గించే కుట్ర అనే పుకారు వ్యాపించి, తల్లులు పిల్లలను దాచిపెట్టారు. ఇమాములు మసీదుల నుంచి పిలుపునిచ్చి, ఉలమాలు స్వయంగా ముందుకొచ్చాక తలుపులు తెరుచుకున్నాయి. ఈనాటికీ సహజ పోలియో వైరస్ వేళ్ళూనుకుని ఉన్న దేశాలు రెండే రెండు. పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్. పరిష్కారం చేతిలో ఉండి కూడా పరిష్కారం కాని సమస్య ఇది. డబ్బు కొరత కన్నా నమ్మకం కొరత వల్ల, యుద్ధం వల్ల మిగిలిపోయింది. ఉమ్మత్ కష్టాలన్నిటికీ బయటివారినే కారణంగా చూపే మనం ఈ ఒక్కదాన్ని ఎవరి ఖాతాలో వేద్దాం?

గాజా మాట ఎత్తినప్పుడు చాలామంది సోదరుల కళ్ళు చెమ్మగిల్లుతాయి. 2023 అక్టోబరు తర్వాత అక్కడ వేలాది మంది చిన్నారులు ప్రాణాలు కోల్పోయారు. కర్నూలులోనో కరీంనగర్‌లోనో ఉన్న మనిషి ఆ యుద్ధాన్ని ఆపలేడు. మరి మన చెయ్యి అందని సమస్యను వదిలేయాలా? వదలకూడదు. దుర్మార్గాన్ని చేతితో, చేతకాకుంటే నాలుకతో, అదీ చేతకాకుంటే మనసుతో ఎదిరించమన్నారు దైవప్రవక్త (స). ఆయన (స) మనకు మూడు మెట్లు ఇచ్చారు. అయితే ఎంత పెద్ద సమస్యలోనైనా తీర్చగల ముక్క ఒకటి ఉంటుంది. 2024 ఆగస్టులో గాజాలో 25 ఏళ్ళ తర్వాత మొదటి పోలియో కేసు బయటపడింది. బాంబులు పడుతున్న నేల మీద, సెప్టెంబరులో కొన్ని కొన్ని గంటలు కాల్పులు ఆపించి, మొదటి విడతలోనే 5 లక్షల 50 వేలకు పైగా పిల్లలకు చుక్కలు వేశారు. యుద్ధం తీరలేదు. ఆ పిల్లల కాళ్ళు మాత్రం నిలబడ్డాయి. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే, నాటగలిగితే నాటేయమని దైవప్రవక్త (స) చెప్పిన విషయం (అహ్మద్) ఇలాంటిచోటే అర్థమవుతుంది.

అతిసారాన్నే తీసుకోండి. దాన్ని ఎవరూ ప్రపంచ సమస్యగా లెక్కించరు. అయినా ఈనాటికీ ఏటా 4 లక్షలకు పైగా ఐదేళ్ళలోపు పిల్లలు దానితో చనిపోతున్నారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శిబిరాలలో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి. డాక్టర్ దిలీప్ మహాలనబీస్ డ్రమ్ములలో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగివచ్చాయి. తర్వాత 1980ల్లో బంగ్లాదేశ్‌లోని బ్రాక్ సంస్థ కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి కోటీ 20 లక్షలకు పైగా ఇళ్ళలో తల్లులకు చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరలీటరు నీరు కలపడం నేర్పారు. ఇవ్వడానికి వారి దగ్గర మందు లేదు. ఉన్నది విద్య మాత్రమే. దాన్నే ఇచ్చారు. మన ఇళ్ళలో ఇప్పటికీ విరేచనాలు పట్టుకున్న బిడ్డకు నీళ్ళు ఆపేసే పెద్దవాళ్ళున్నారు. చెల్లెళ్ళారా, ఆపకండి! ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటిలో సమంగా నింపిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. చంటిబిడ్డకు తల్లిపాలు మానవద్దు. బిడ్డ నీరసించి కళ్ళు లోపలికి పోతే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు మానవులందరినీ కాపాడినట్లేనని మాయిదా సూరా 32వ ఆయత్ చెబుతుంది. ఆ ఒక్క ప్రాణం మీ ఒడిలోని బిడ్డదే కావచ్చు.

ఇంతవరకు చెప్పినదాన్ని చదివి ఎవరైనా పలకా బలపం పట్టుకుని, “ఈ ముసలమ్మకు మందులు కొంటే ఒక్క ప్రాణం, అదే సొమ్ముతో దోమతెరలు కొంటే నాలుగు ప్రాణాలు” అని తన మేనత్తను వదిలేస్తారేమోనని నా భయం. అబస సూరా దీన్ని గురించి మనల్ని హెచ్చరిస్తుంది. మక్కాలో దైవప్రవక్త (స) ఖురైష్ నాయకులతో మాట్లాడుతున్నారు. వారు ఇస్లాం స్వీకరిస్తే వారి వెనక మక్కా అంతా కదిలి వస్తుంది. ఆ సమయంలో అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) నేర్చుకోవాలన్న తపనతో వచ్చారు. ఆయన (స) దృష్టి ఆ నాయకుల మీదే ఉంది. ఆ ఉద్దేశంలో స్వార్థం రవ్వంతైనా లేదు. ఎక్కువమందికి మేలు జరగాలనే తపన తప్ప! అయినా అల్లాహ్ ఆ ఆయతులను అవతరింపజేశాడు. తపనతో నీ దగ్గరకు పరుగెత్తి వచ్చినవాడి హక్కును, రేపు ఏమవుతుందో తెలియని పెద్ద లాభం కోసం పక్కన పెట్టకూడదని ప్రళయం దాకా వచ్చే మనుషులందరికీ తెలిసిపోయింది. ఆ తర్వాత ఉమ్మె మక్తూమ్ కుమారునికి దైవప్రవక్త (స) ఇచ్చిన గౌరవం ఎంతటిది! మదీనాలో అజాన్ బాధ్యత ఆయనకూ అప్పగించారు.

కాబట్టి మన దగ్గర రెండు సంచులు ఉండాలి. మొదటి సంచి హక్కులది. తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు, రక్తసంబంధీకులు, పొరుగువారు, మన వద్దకు వచ్చి నిలబడిన అక్కరదారుడు. దైవమార్గంలో, బానిస విముక్తికి, పేదవానికి, కుటుంబానికి ఖర్చు పెట్టే దీనార్లలో అధిక ప్రతిఫలం కుటుంబానికి ఖర్చు పెట్టినదానికేనని దైవప్రవక్త (స) చెప్పారు (ముస్లిం). ఈ సంచిలో లెక్కలు పనికిరావు. ఇక్కడ మేనత్త మేనత్తే. రెండో సంచి ఆ తర్వాత మిగిలినది. ఎక్కడైనా పెట్టగల సొమ్ము, ఎక్కడైనా పెట్టగల సమయం. లెక్క చూడవలసింది ఇక్కడే. కాని మనం తరచుగా ఈ సంచినే లెక్కా పత్రం లేకుండా ఖర్చు చేస్తున్నాం. ఎవరు గట్టిగా అడిగితే వారికి, ఎవరి రసీదు పుస్తకం ముందొస్తే వారికి.

ఈ రెండో సంచి ఎలా విప్పాలో హజ్రత్ ఉస్మాన్ (రజి) చూపించారు. మక్కా నుంచి వచ్చిన ముహాజిర్లకు మదీనాలో కష్టాలు ఒకటా రెండా? ఇల్లు లేదు, పొలం లేదు, వ్యాపారం లేదు. కాని ప్రతి ఇంటికీ ప్రతిరోజూ తగిలే కష్టం తాగునీరు. మంచినీరున్న రూమా బావి ధర చెల్లిస్తే తప్ప అందనిది. ఉస్మాన్ (రజి) దాన్ని కొని ముస్లింలందరికీ వక్ఫ్ చేశారు. ఒక్క కొనుగోలుతో రోజూ పునరావృతమయ్యే కష్టం తొలగిపోయింది. ఏ సదఖా ఉత్తమమని హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తన చనిపోయిన తల్లి పేరున అడిగితే, నీరు అని దైవప్రవక్త (స) బదులిచ్చారు. ఆయన బావి తవ్వించారు (అబూ దావూద్). ఆ ప్రశ్నను చూడండి. సదఖా చేయాలా వద్దా అన్నది ఆయన సందేహం కాదు. ఏది ఉత్తమమో తెలుసుకోవాలనుకున్నారు. మనలో ఎంతమంది ఈ ప్రశ్న అడుగుతున్నాం?

మన వీధుల సంగతికొస్తే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15–49 ఏళ్ళ భారతీయ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. సగం మందికి పైగా అన్నమాట! ఐరన్ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. మన ఆడవాళ్ళు అందరికీ వడ్డించి మిగిలింది తింటారు, అది కూడా మగవాళ్ళు మార్చగలిగినదే. క్షయ సంగతి చూస్తే, 2023లో ప్రపంచంలోని కేసుల్లో నాలుగో వంతుకు పైగా మన దేశానివే. మందు ఉచితం, కాని ఆరు నెలలు మానకుండా మింగాలి. రెండు నెలలకే ఒళ్ళు తేలికపడి మానేసేవారికి వారం వారం వెళ్ళి గుర్తుచేసే మనిషి కావాలి. దానికి డబ్బు అక్కర్లేదు, సైకిలు చాలు. 2022లో మన దేశపు రోడ్ల మీద 1 లక్షా 68 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. దారిలో ముల్లు తీయడం ఈమాన్‌లో భాగమైతే, రమజాన్ రాత్రుళ్ళలో హెల్మెట్ లేకుండా ముగ్గురేసి ఎక్కి బండ్లు తిప్పే మన పిల్లలను ఆపడం ఏ భాగమవుతుంది?

జోడే కీ రఖం గురించి ఎక్కువ రాయను. ప్రపంచంలోని సమస్యలన్నిటిలో ఖర్చు లేకుండా తీరేది ఇదొక్కటే. మగపిల్లవాడి తండ్రి “మాకు వద్దు” అంటే చాలు. ఆ మాట అనడానికి కమిటీ అక్కర్లేదు, చందా అక్కర్లేదు.

ఇక జకాత్ విషయంలో ఒక జాగ్రత్త. జకాత్ పొందవలసిన ఎనిమిది వర్గాలను తౌబా సూరా 60వ ఆయత్ నిర్ణయించింది. హనఫీ పండితుల ప్రకారం జకాత్ సొమ్మును హక్కుదారుని చేతికి యాజమాన్యంతో సహా అందించాలి. కాబట్టి బావి తవ్వకం, నీటి ట్యాంకు, మసీదు మరమ్మతు వంటివాటిని సదఖా, వక్ఫ్ సొమ్ముతోనే చేయాలి. జకాత్‌ను ఇరవై ఇళ్ళవారు ఒకచోట చేర్చి, రెండు వందల చొప్పున వందమందికి పంచే బదులు ఒక వితంతువుకు కుట్టుమిషను, ఒక అప్పులపాలైన కూలీకి వడ్డీ నుంచి విముక్తి, ఒక విద్యార్థికి ఏడాది ఫీజు ఇచ్చి వారిని సొంతదారులను చేయవచ్చు. అంతకుముందు మీ ఇమాం సాహెబ్‌నో దగ్గరలోని ముఫ్తీనో అడిగి మసలా తెలుసుకోండి. ఈ లెక్క చూడటానికి షాబాన్ నెల అనువైనది. మసీదు కమిటీ పెద్దలు ఒక సాయంత్రం కూర్చుని, మహల్లాలో ఎంతమంది క్షయ రోగులున్నారో, ఎన్ని ఇళ్ళు వడ్డీ అప్పుల్లో ఉన్నాయో, ఏ పిల్లలు బడి మానేశారో రాసుకోవాలి. ప్రతిదాని ఎదురుగా ఇది ఎంతమందిని తాకుతోంది, మన వల్ల తీరుతుందా, దీన్ని ఇప్పటికే ఎవరైనా చూస్తున్నారా అని నిజాయితీగా రాయాలి. ఆ కాగితం మీద మొదట రాసేది మగవాళ్ళు కాకుండా చూడండి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో, ఏ బిడ్డకు వారం రోజులుగా జ్వరం తగ్గలేదో ముందుగా తెలిసేది ఆ వీధి ఆడవాళ్ళకే.